పాత ఫ్లాట్‌లో బాత్రూమ్ లీకేజీ: టైల్ మీద టైల్ వేయించాలా, స్లాబ్ దాకా తవ్వించాలా?

కూకట్‌పల్లి_3వ_అంతస్తు:

అందరికీ నమస్కారం. మాది 2003లో కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మేము మూడో అంతస్తులో ఉంటాం. హాలు పక్కన ఉన్న కామన్ బాత్రూమ్ 5 బై 7 అడుగులు, అందులో ఇండియన్ టాయిలెట్ ఉంది. కింద ఫ్లాట్ వాళ్ళ బాత్రూమ్ సీలింగ్‌లో ఒక మూల చెమ్మ దిగి పెయింట్ పొరలు పొరలుగా ఊడిపోతోంది, ఈ మధ్య వాళ్ళ హాలు గోడకి కూడా పాకింది. వాళ్ళు చాలా మంచివాళ్ళు, ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు, కానీ అలా ఊరుకున్నారు కదా అని మేము ఊరుకోలేం.

ఎలాగూ పని పెట్టుకుంటున్నాం కాబట్టి మొత్తం కొత్తగా చేయించేద్దామని ఉంది. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేరు, కమోడ్ పెట్టించాలి. ఇద్దరు మేస్త్రీలు వచ్చి చూసి వెళ్ళారు. ఒకాయన పాత టైల్స్ మీదే గమ్‌తో కొత్తవి అంటించేద్దాం, నాలుగు రోజుల పని, దుమ్ము కూడా ఉండదు, 85 వేలలో అయిపోతుంది అన్నాడు. రెండో ఆయన స్లాబ్ కనిపించేదాకా తవ్వాల్సిందే, మూడు వారాలు పడుతుంది, రెండు లక్షలకు తగ్గదు అన్నాడు. ఇద్దరూ ధీమాగానే చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? చేయించిన వాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మల్కాజ్‌గిరి_వాసి:

తవ్వడమా మానడమా అన్నది తర్వాత, ముందు నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తేల్చుకోండి. బాత్రూమ్‌లో లీకేజీకి మూడు దారులు ఉంటాయి: కుళాయిలకి నీళ్ళొచ్చే పైపు, నీళ్ళు బయటికి పోయే డ్రైనేజీ పైపు, నేల. ఆ బాత్రూమ్‌కి వెళ్ళే వాల్వ్ రాత్రి కట్టేసి, పొద్దున దాకా ఎవరూ వాడకుండా చూడండి. వాల్వ్ కట్టగానే కింద చుక్క ఆగి, తిప్పగానే మళ్ళీ మొదలైతే తప్పు నీళ్ళొచ్చే పైపుది, అది గోడ కొట్టి మార్చుకుంటే సరిపోతుంది, నేల జోలికి పోనక్కర్లేదు. అలా కాకపోతే బకెట్ నీళ్ళలో బట్టలకు పెట్టే నీలిమందు చిక్కగా కలిపి నేల తడవకుండా గరాటుతో నేరుగా నహానీ ట్రాప్‌లో (నేల మీది నీళ్ళు బయటికి పోయే జాలీ కింద ఉండేది) పోయండి. కింద నీలం కనిపిస్తే డ్రైనేజీ జాయింట్ పోయినట్టు. ఏమీ కనిపించకపోతే మర్నాడు ట్రాప్‌కి గుడ్డ కుక్కి నేల మీద అంగుళం నీళ్ళు నిలబెట్టి చూడండి, అది నేల సంగతి చెబుతుంది. ఈ పరీక్షలకి ఒక్క రూపాయి మేస్త్రీకి ఇవ్వక్కర్లేదు, రెండు మూడు రోజుల ఓపిక చాలు. కింద వాళ్ళతో మంచిగా ఉన్నారు కాబట్టి వాళ్ళింట్లో ఎవరినైనా కాస్త చూస్తుండమనండి.

సైట్_ఇంజినీరు:

పైన చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. కానీ మీ విషయంలో ఆ మొదటి మేస్త్రీ మాట ఎలా చూసినా కుదరదు. ఇండియన్ టాయిలెట్ బేసిన్, దాని ట్రాప్ రెండూ నేలలో పాతేసి ఉంటాయి. కమోడ్ పెట్టాలంటే అవి పీకి, అవుట్‌లెట్ జరిపి, కొత్త పైపు వేయాలి, అంటే ఆ భాగం తవ్వక తప్పదు. తవ్విన చోట పాత వాటర్‌ప్రూఫింగ్ తెగుతుంది. అక్కడ ఒక్కచోట అతుకు వేసి, మిగతా నేల మీద టైల్ అంటించేస్తే లోపల ఉన్న జబ్బు లోపలే ఉంటుంది.

మీ బాత్రూమ్‌లో ఇండియన్ టాయిలెట్ ఉందంటే కింద సంకెన్ స్లాబ్ అయ్యే అవకాశమే ఎక్కువ. అంటే బాత్రూమ్ వరకు స్లాబ్‌ని ముప్పావు అడుగో అడుగో కిందికి దించి పోసి, అందులో పైపులు పరిచి, ఇటుక ముక్కలు, రబ్బిష్ నింపి పైన టైల్స్ వేస్తారు. అది నేల కింద ఉన్న తొట్టి అనుకోండి. టైల్స్ సందుల్లోంచి, ట్రాప్ అంచుల్లోంచి ఏళ్ళ తరబడి దిగిన నీళ్ళు ఆ తొట్టిలో చేరి, ఆ రబ్బిష్ అంతా నాని, బయటికి దారి లేక స్లాబ్‌లోని ఇనుముని తింటాయి. కింద వాళ్ళకి కనిపించే చెమ్మ ఆ నిల్వ నీళ్ళే కావచ్చు. మీరు పైన ఎంత ఖరీదైన టైల్ వేసినా ఆ నీళ్ళు పోవు. స్లాబ్ ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీట్ పెచ్చులు ఊడతాయి, అది కింద వాళ్ళ నెత్తి మీద పడే వ్యవహారం.

ఇంకో మాట. టైల్ మీద టైల్ వేస్తే గమ్‌తో కలిపి నేల అర అంగుళం పైనే లేస్తుంది. బాత్రూమ్ నేల గది నేల కంటే కిందికి ఉండాలి, అది లేస్తే తలుపు కింద రాసుకుంటుంది, నీళ్ళు హాల్లోకి వస్తాయి. లీకేజీ లేని బాత్రూమ్‌లో, గోడల వరకు, పాత టైల్స్ గట్టిగా ఉంటే (నాణెంతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం రాకూడదు) ఆ పద్ధతి తప్పేమీ కాదు. లీకవుతున్న నేల మీద మాత్రం వద్దు.

ఎంవీపీ_కాలనీ_వైజాగ్:

అక్కా, అత్తగారి కోసం అన్నారు కాబట్టి ఆ సంగతులు చెబుతాను, మా అమ్మ కోసం ఇవన్నీ చేయించాం. కమోడ్ ఎత్తు షోరూమ్‌లో కూర్చుని చూసి కొనండి. మామూలువి మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కిందికి అనిపిస్తాయి, సీటుతో కలిపి 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉన్నవి లేవడానికి సుఖం. పక్క గోడకి స్టీల్ హ్యాండిల్ బార్ తప్పనిసరి, టవల్ రాడ్‌ని పట్టుకుని లేస్తే అది ఊడి వస్తుంది, దాని పని అది కాదు. బార్ స్క్రూలు టైల్‌లో కాదు, లోపలి ఇటుకలోకి దిగాలి. టైల్స్ వేశాక అత్తగారిని కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి అందుతుందో అక్కడ పెన్సిల్‌తో గీసి అప్పుడు డ్రిల్ చేయించండి.

నేలకి మ్యాట్ టైల్సే వేయించండి, అదీ అడుగు బై అడుగువి. రెండడుగుల పెద్ద టైల్స్ షోరూమ్‌లో బాగుంటాయి కానీ ట్రాప్ వైపు నాలుగు పక్కల నుంచీ వాటం ఇవ్వడం వాటితో కుదరదు, చిన్నవైతే సందులు ఎక్కువ కాబట్టి కాలు కూడా జారదు. మీది బోరు నీళ్ళయితే ముదురు రంగులు వద్దు, నలుపు మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఎంత తోమినా కనిపిస్తూనే ఉంటుంది, లేత బూడిద రంగు నయం. తలుపు గడియ బయటి నుంచి కూడా తెరుచుకునే రకం పెట్టించండి, లోపల పెద్దవాళ్ళకి కళ్ళు తిరిగితే తలుపు పగలగొట్టే పరిస్థితి రాకూడదు. తడి చోటికీ పొడి చోటికీ మధ్య గాజు తలుపు కంటే, కాలికి తగలనంత సన్నటి గ్రానైట్ పట్టీ చాలు మన ఇళ్ళకి.

కూకట్‌పల్లి_3వ_అంతస్తు:

అందరికీ చాలా థాంక్స్. పరీక్షలన్నీ చేశాం. వాల్వ్ కట్టేసినా చెమ్మలో తేడా లేదు. నీలిమందు నీళ్ళు పోసిన మర్నాడు పొద్దున కింద వాళ్ళ సీలింగ్ మూలలో, సరిగ్గా మా ట్రాప్ కింద, గోటి వెడల్పున నీలం చార కనిపించింది. తవ్వించాలనే ఖాయం చేసుకున్నాం, రెండో మేస్త్రీకే ఇస్తున్నాం. ఆయన పని తెలిసిన మనిషిలాగే ఉన్నాడు కానీ పక్కన నిలబడి ఏ దశలో ఏం చూడాలో మాకు తెలియదు. వాటర్‌ప్రూఫింగ్ గురించి అడిగితే సిమెంట్‌లో కెమికల్ కలుపుతాం మేడమ్ అంటున్నాడు. అది సరిపోతుందా?

సైట్_ఇంజినీరు:

సరిపోదు. సిమెంట్‌లో కలిపే లిక్విడ్ మాల్‌లోకి (సిమెంట్, ఇసుక కలిపినది) నీళ్ళు దిగడాన్ని కాస్త తగ్గిస్తుంది అంతే, అది పొర కాదు. మీకు కావాల్సింది పొడి, లిక్విడ్ రెండూ కలిపి బ్రష్‌తో పూసే పాలిమర్ కోటింగ్. ఎక్కడెక్కడ పక్కన ఉండాలో చెబుతాను.

రబ్బిష్ అంతా తీసి స్లాబ్ కడిగాక మీరే కళ్ళారా చూడండి. పగుళ్ళు, గుల్లలు ఉంటే పాలిమర్ మాల్‌తో పూడ్చాలి, ఇనుము బయటపడి ఉంటే అక్కడ ఆగి నిపుణుడికి చూపించండి. పైపు స్లాబ్‌నో గోడనో దాటే చోట చుట్టూ ఉన్న సందుని మామూలు సిమెంట్‌తో కాకుండా కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి, లీకేజీలు ఎక్కువగా పుట్టేది ఆ చిన్న సందులోనే. గోడ, నేల కలిసే మూల నిటారుగా వదలకుండా గుండ్రంగా గోలా కట్టించండి, నిటారు మూలలో కోటింగ్ చీలుతుంది. తర్వాత ఒక కోటు అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. స్నానం చేసే వైపు గోడకి ఆరడుగుల పైదాకా, మిగతా గోడలకి కనీసం అడుగు.

కోటింగ్ బాగా ఆరాక పైపు మూతులు మూసేసి నీళ్ళు నిలబెట్టండి, 48 గంటలకు తగ్గకుండా, వీలైతే 72. గోడ మీద నీటిమట్టం దగ్గర గీత గీయండి. కింద వాళ్ళ సీలింగ్ పాత చెమ్మతో ఇంకా తడిగానే ఉంటుంది కాబట్టి ఇప్పుడున్న మరక అంచుని సుద్దతో గీసి ఫోటో తీసుకోండి, గీత దాటిందా లేదా చూస్తే చాలు. మేస్త్రీ ఒక్క రాత్రి చాలంటాడు, అతనికి ఆ రోజుల కూలి నష్టం మరి. అయినా తగ్గకండి, ఆ రెండు రోజుల కూలి మీరే ఇచ్చినా తప్పులేదు. ఇది అయ్యేదాకా ఒక్క టైల్ కూడా దిగకూడదు.

సంకెన్ అడుగున ఒక చిన్న స్పౌట్ పైపు, బయట పైపులు దిగే డక్ట్‌లోకి పెట్టించండి, రేపు ఎప్పుడైనా నీళ్ళు చేరినా అటు పోతాయి, అక్కడ చుక్క కనిపిస్తే మీకు ముందే తెలుస్తుంది. మళ్ళీ నింపేటప్పుడు పాత రబ్బిష్ వద్దు, తేలికైన బ్లాక్ ముక్కలు వాడమనండి, స్లాబ్ మీద బరువు తగ్గుతుంది. నింపాక పైన వేసే సిమెంట్ బెడ్ మీద ఇంకో పూత. వాటం ఐదడుగులకి ముప్పావు అంగుళం ఉండాలి, టైల్స్ పరిచిన రోజే మగ్గుతో నీళ్ళు పోసి ఎక్కడా నిలవకుండా చూసుకోండి.

కమోడ్ ముందే కొని పెట్టుకోండి. గోడ నుంచి అవుట్‌లెట్ మధ్యకి దూరం 9 అంగుళాలా 12 అంగుళాలా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, అదీ టైల్ వేశాక ఉండాల్సిన కొలత, ఇటుక గోడ నుంచి కాదు. షవర్ డైవర్టర్ (నీళ్ళని కుళాయికో షవర్‌కో మళ్ళించేది) గోడ లోపలి బాడీ కూడా ముందే ప్లంబర్ చేతికివ్వండి, దాని ప్లాస్టిక్ మూత మీద కనిష్ఠ గరిష్ఠ గీతలుంటాయి, టైల్ పైతలం ఆ రెండింటి మధ్యకి రావాలి. నీళ్ళ పైపులు మూసేముందు హ్యాండ్ పంపుతో ప్రెషర్ పెట్టించి గేజ్ ముల్లు దిగడం లేదని చూడండి, పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి, హ్యాండిల్ బార్ డ్రిల్ చేసేటప్పుడు అవే దిక్కు. గీజర్‌కి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంప్స్ పాయింటు, ఎర్తింగ్, బోర్డులో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఈ చివరిదాని దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.

నిజాంపేట్_కార్యదర్శి:

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఇలాంటి పనులు చాలా చూశాను కాబట్టి డబ్బు సంగతి, చెత్త సంగతి చెబుతాను. మెటీరియల్ మీరు కొనండి, మేస్త్రీకి లేబర్ మాత్రం ఇవ్వండి, కనీసం వాటర్‌ప్రూఫింగ్ డబ్బా సీలు మీ కళ్ళ ముందు తీయాలి. డబ్బు పని దశల్ని బట్టి ఇవ్వండి: తవ్వి ఎత్తాక కొంత, నీళ్ళ పరీక్ష అయ్యాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, చివరి పదో వంతు మాత్రం బాత్రూమ్ ఒక నెల వాడాక. ఇవన్నీ తెల్ల కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే చాలు. టైల్స్ లెక్క కంటే పదో వంతు ఎక్కువ తెప్పించి, డబ్బాల మీద బ్యాచ్ నంబర్లు ఒకటేనా చూడండి, మిగిలినవి అటక మీద దాచుకోండి, ఐదేళ్ళ తర్వాత ఆ డిజైన్ దొరకదు.

టైల్స్ వేసేవాళ్ళలో చాలామంది రాజస్థాన్, బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. దీపావళికో హోలీకో ఊరెళ్తే ఎప్పుడొస్తారో చెప్పలేం, పండగ తేదీలు చూసుకుని మొదలుపెట్టండి. అసోసియేషన్‌కి ముందే చెప్పి, పై కింద ఫ్లాట్లలో పరీక్షలు రాసే పిల్లలు, పసిపిల్లలు ఉంటే పగలగొట్టే రోజులు వాళ్ళకి తెలియజేయండి. రబ్బిష్‌ని మేస్త్రీ చూసుకుంటాడులే అని వదిలేయకండి, చాలాసార్లు అది ఏ చెరువు గట్టునో పడుతుంది. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాలు తీసుకునే ప్లాంట్లు ఉన్నాయి, అక్కడికి తోలే బండికి ఎంతవుతుందో ముందే అడిగి ఆ ఖర్చు కూడా కాగితంలో రాయించండి. కింద వాళ్ళ సీలింగ్ పెయింట్ ఖర్చు కూడా మీ లెక్కలోనే వేసుకోండి, కానీ చెమ్మ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది, తొందరపడి వేయిస్తే మళ్ళీ ఊడుతుంది, ఆ మాట వాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచండి.