నాటకం కోసం గొంతు పిచ్ పెంచితే సహజత్వం పోతోంది, పరిష్కారం ఉందా?

వేల్స్‌లోని కార్డిఫ్‌లో మా చిన్న బృందం ఆడబోయే వెల్ష్ నాటకంలో, ఒక ట్రాన్స్ యువకుడు టెస్టోస్టిరాన్ (గొంతు స్థాయిని తగ్గించే పురుష హార్మోన్) మొదలుపెట్టక ముందు రికార్డు చేసుకున్న తన గొంతును వేదికపై మళ్లీ వినే సన్నివేశం ఉంది. నటుడి ప్రస్తుత స్వరం సుమారు 120 హెర్ట్జ్. దాన్ని 190కి తేవడానికి సౌండ్ ఎడిటర్‌లో 8 సెమిటోన్లు (సంగీతంలోని అర్ధస్వరాలు) పెంచితే, ఫార్మెంట్లు (నోరు, గొంతు ఆకారాన్ని బట్టి స్వరంలో ఏర్పడే అనునాదాలు) కూడా పైకి జరిగి కార్టూన్ బొమ్మ మాట్లాడినట్లు వినిపిస్తోంది. 4 సెమిటోన్లతో సరిపెడితే తేడాయే తెలియడం లేదు. అన్నిటికంటే ఇబ్బంది ‘లాన్‌డిడ్నో’ వంటి ఊరి పేర్ల మొదట్లో, నాలుక పక్కల నుంచి గాలి వదులుతూ పలికే శబ్దంతో వస్తోంది; నాదం (స్వరతంతువుల కంపనం) లేని ఆ ధ్వని పిచ్ మార్చగానే మరీ పదునెక్కుతోంది. వేరొకరి చేత చదివించడం నటుడికి ఇష్టం లేదు, అది న్యాయమే. ఫార్మెంట్లను కదల్చకుండా, నాదం ఉన్న భాగాలకు మాత్రమే పిచ్ పెంచగల ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది?