డిస్కస్ ట్యాంకుకి సొంతంగా డ్రైనేజీ, సంప్ ఫిల్టర్ పెట్టుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండి. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. 4×1.5×1.5 అడుగుల ట్యాంకులో ఆరు డిస్కస్ చేపలు ఉన్నాయి. వీటికి నీళ్లు 28–30 డిగ్రీల వేడితో, మెత్తగా (ఖనిజాలు తక్కువగా) ఉండాలి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, అందుకే రోజు విడిచి రోజు మూడో వంతు నీళ్లు మారుస్తున్నాను, కానీ బకెట్లు మోసి మోసి నడుం పోతోంది.

ఇప్పుడు నా ప్లాన్: వెనక అద్దానికి పైన ఒక కన్నం పెట్టి ట్యాంక్ కనెక్టర్ బిగించి, అంగుళం పీవీసీ పైపుతో కింద సంప్‌లోకి (ఫిల్టర్ సామాను ఉండే రెండో తొట్టిలోకి) దించడం. సంప్‌లో ముందు ఫిల్టర్ ఊలు, తర్వాత స్పాంజి, సిరామిక్ రింగులు, చివర మోటారు. మూడో వంతు నీళ్లు దిగే ఎత్తులో ఇంకో కన్నం, దానికి బాల్ వాల్వ్, అక్కడినుంచి నేరుగా బాత్రూం డ్రెయిన్‌కి. వాల్వ్ మూయడం మర్చిపోయినా నీళ్లు ఆ ఎత్తు దగ్గరే ఆగుతాయి కదా, అదే నాకు నచ్చింది.

అద్దం టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచినది) అయితే డ్రిల్ పెట్టగానే ముక్కలైపోతుంది, మామూలుదో కాదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి? కరెంటు పోతే రిటర్న్ పైపు (మోటారు నుంచి ట్యాంకుకి నీళ్లు తెచ్చేది) నుంచి నీళ్లు వెనక్కి లాగకుండా ఆ పైపుకి చిన్న రంధ్రం ఒక్కటి సరిపోతుందా, చెక్ వాల్వ్ (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) కూడా కావాలా? మా బోరు నీళ్లు బాగా కఠినం, ఆర్వో నీళ్లు ఎంత కలుపుతున్నారు? హుద్‌హుద్ తుఫాను అప్పుడు 2014లో ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు వాడేవాళ్లు ఉంటే అదీ చెప్పండి.

పాడేరు రోడ్డయినా, గాజువాకయినా సరే, ఇలాంటిది కట్టుకున్నవాళ్లు చూడనిస్తే నేనే వస్తాను.