సమస్య: “కన్ను మూసినపుడె కానవచ్చు”

నిర్వాహకుడు: పెద్ద మానిటర్ తగిలించి, ల్యాప్‌టాప్ సొంత తెర ఆపేసిన నిమిషంలో తట్టిన పాదం ఇది. మరణం వైపు, ధ్యానం వైపు పోవద్దు. ల్యాప్‌టాప్ మీదే పూరించండి.

పొద్దు:
పెద్ద తెరను తెచ్చి పెట్టితి బల్లపై
చిన్న తెరయు వెలిగె చెంతనుండి
బాణమటకు పోయి పారాడు నూరకే
కన్ను మూసినపుడె కానవచ్చు

నీలిసిరా:
రేయి పనికి నాకు రెండవ తెర చాలు
మూత మూయ నిదుర మునిగె నదియు
ఏమి సేయకనుచు నెంచితి సెట్టింగు
కన్ను మూసినపుడె కానవచ్చు

చుక్కాని:
మ్యాకు మూసినంత మాయమౌను వెలుగు
కరెంటు పెట్టి మీట కదప లేచె
బయట తెరకు బొమ్మ వచ్చెను నిండుగా
కన్ను మూసినపుడె కానవచ్చు

నిర్వాహకుడు: నీలిసిరా గారి మూడో పాదం చాలా నచ్చింది. మూత మూస్తే ఏం చేయాలో చెప్పే పవర్ ఆప్షన్స్‌లోని ‘డూ నథింగ్’ని ‘ఏమి సేయకు’ అనడం ఎంత సహజంగా ఉందో! బ్యాటరీకి ఒకటి, ప్లగ్‌లో ఉన్నప్పటికి ఒకటి, రెండు చోట్లా అదే ఎంచుకోవాలి. నేను ఒకచోటే మార్చి ఒక సాయంత్రమంతా తలపట్టుకున్నాను.

పొద్దు: మూడో పాదం బాగుంది, కాదనను. కానీ ‘రేయి’ యతి కోసమే, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం కోసమే వచ్చింది. ‘రెండవ’కి జత వెతికి తెచ్చిన మాట. నీలిసిరా గారి పద్యాల్లో మొదటి మాట ఎప్పుడూ అద్దెకొచ్చిందే.

నీలిసిరా: నేను పనిచేసేది రాత్రిళ్ళే. ఆ మాట నా సొంతం. మీ పద్యంలో కన్ను ఎవరిది? మూడో పాదంలో కర్త మౌస్ బాణం. బాణానికి కన్ను లేదు కదా. ఇక చుక్కాని గారూ, రెండో పాదం మొదట్లోనే గణం పోయింది. ‘కరెంటు’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఇక్కడ చెల్లదు.

చుక్కాని: నిరుడు ప్రింటర్ మీద ఇచ్చిన సమస్యాపూరణలో మీరు ‘అది కరెంటు’ అని రాశారు. అప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు. నాకు గుర్తుంది.

నీలిసిరా: అక్కడ ‘అదిక’ నగణం (మూడు లఘువులు), ‘రెంటు’ గలం (గురువు, లఘువు). ముందు రెండు లఘువులు ఉండబట్టి కుదిరింది. మీరు పాదం మొదట్లో పెట్టారు, క ఎక్కడికి పోతుంది?

చుక్కాని: సరే, ఒప్పుకుంటున్నాను. ‘చార్జి పెట్టి మీట చరచ లేచె’ అంటే?

నీలిసిరా: ఇప్పుడు నిలిచింది. ‘చరచ’ నాకు మీ ‘కదప’ కంటే నచ్చింది. విషయం కూడా సరిగ్గా ఉంది: మూత మూసిన మ్యాక్‌కి చార్జర్, బయటి కీబోర్డు, మౌస్ అన్నీ ఉండాలి.

చుక్కాని: ఇంత గొడవ ఎందుకు, బ్రైట్‌నెస్ సున్నాకి తగ్గిస్తే చాలదా?

పొద్దు: చాలదు! నా పద్యం పుట్టింది అక్కడే. వెలుగు పోతుంది, తెర పోదు. కంప్యూటర్ లెక్కలో అది ఇంకా డెస్క్‌టాప్‌లో భాగమే. బాణం ఆ చీకట్లోకి జారిపోతుంది, కొత్తగా తెరిచిన కిటికీ కూడా ఒక్కోసారి అక్కడే తెరుచుకుంటుంది. వారం రోజులు అలా వెతుక్కున్నాను. విండోస్ మీట, పీ కలిపి నొక్కి ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకున్నాకే బాణం నా ముందుకొచ్చింది. మసకబారిన కన్ను వేరు, మూసిన కన్ను వేరు.

నీలిసిరా: ఇంత మంచి మాట వివరణలో చెప్పారు, పద్యంలో రాలేదు. కన్ను ఎవరిదో ఇంకా తేలలేదు.

పొద్దు: మూడో పాదం మారుస్తున్నాను.

బాణమటకు పోయి పారాడు నా తెర
కన్ను మూసినపుడె కానవచ్చు

నీలిసిరా: ‘ఆ తెర’ అని విడదీసినా, ‘నా తెర’ అని చదివినా చెల్లుతోంది. ఈసారి బహుమతి మీదే.