ఇరవై రెండు బడులకు దరఖాస్తు పంపినా ఒక్క పిలుపూ రాలేదు

సుద్దముక్క: మూడు గంటలుగా ఇదే కాగితం ముందు కూర్చున్నాను. ఉపాధ్యాయ ఉద్యోగం కోసం ఈ నెలలో ఇరవై రెండు ప్రైవేటు పాఠశాలలకు దరఖాస్తు పంపితే ఒక్కరూ పిలవలేదు. పదో తరగతి నుంచి బీఎడ్ వరకు అన్నీ ప్రథమ శ్రేణే. ఫొటో మార్చాను, అక్షరాల సైజు మార్చాను, ‘కష్టపడే స్వభావం’ అని కూడా చేర్చాను. మిగతావాటిలో కలిసిపోకుండా నా దరఖాస్తు కనిపించాలంటే ఇంకేం రాయాలో దయచేసి చెప్పండి.

ఏటిగట్టు: ఏ సబ్జెక్టు? ఏ తరగతులు? ఏ సిలబస్?

పాత పంతులు: అమ్మా, అన్నిటికన్నా ముందు టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష సంగతి చెప్పాలి. 150 మార్కుల పరీక్షలో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే ఉత్తీర్ణులవుతారు. ఏడేళ్ల గడువును 2021లో తొలగించి, ధ్రువపత్రం జీవితకాలం చెల్లేలా చేశారు. ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులను ఎంపిక చేసే డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉన్నందున, ఒకసారి ఉత్తీర్ణులైనవారు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తున్నారు. మీరూ రాయండి.

సుద్దముక్క: అయ్యా, నేను అడిగింది డీఎస్సీ గురించి కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులు బోధించేవారికి పెట్టే టెట్ రెండో పేపరు ఎప్పుడో ఉత్తీర్ణురాలినయ్యాను. అది అందరికీ ఉండేదే కదా అని రాయలేదు. నాది జీవశాస్త్రం. ఇరవై రెండింటిలో తొమ్మిది పోస్టులు మూడు, నాలుగు తరగతులవి.

ఏటిగట్టు: ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులోనే తేల్చింది. ఆ తొమ్మిదీ వదిలేయండి.

అక్షరశాల: మీ దరఖాస్తులో తండ్రి పేరు, పుట్టిన తేదీ, అభిరుచులు ఉన్నాయా? ఉంటే అది బయోడేటా. పాఠశాలలు అడిగేది చదువు, అనుభవం చెప్పే రెజ్యూమే. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం దరఖాస్తులు పక్కన పడుతున్నాయి.

పాత పంతులు: ‘స్వవివర పత్రం’ అనే చక్కని మాట ఉండగా ఈ రెండింటి గొడవ దేనికండీ?

ప్రయోగశాల: పేరు ఏదైనా కానివ్వండి. ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు విభాగం తరఫున ఇలాంటి కాగితాలను ఏటా చూస్తుంటాను. ‘కష్టపడే స్వభావం’ అన్నది అన్నిటిలోనూ ఉంటుంది కనుక దానిని ఎవరూ చదవరు. జీవశాస్త్రం, 6 నుంచి 10 తరగతులు, బోధనా మాధ్యమం, టెట్ రెండో పేపరు: ఇవి మొదటి రెండు పంక్తుల్లోనే ఉండాలి. ఆ తర్వాత మీరు నిజంగా చెప్పిన ఒక పాఠాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి. ఉదాహరణకు, రెండు రోజులు చీకట్లో ఉంచిన మొక్క ఆకుకు కొంత భాగం నల్లకాగితం చుట్టి, ఎండలో పెట్టి, తర్వాత అయోడిన్ పరీక్ష చేయించినప్పుడు, కాగితం కింది భాగం ఎందుకు నీలినల్లగా మారలేదో పిల్లలు మొదట ఏమని ఊహించారు, ఆ ఊహను మీరు ఎలా సరిదిద్దారు అన్నది రాస్తే, డెమో క్లాసులో మీరెలా ఉంటారో మాకు ముందే తెలుస్తుంది. ఇంతకీ ఇప్పటివరకు ఎక్కడ పనిచేశారు?

సుద్దముక్క: రెండేళ్లు పనిచేశాను. బాబు పుట్టాక ఆరేళ్లు ఖాళీ. అది కనబడకూడదని సంవత్సరాలన్నీ తీసేశాను.

ప్రయోగశాల: అసలు చిక్కు అక్కడే ఉంది. సంవత్సరాలు లేని అనుభవాన్ని మేము నమ్మం. ఆ ఆరేళ్లలో ఎవరికీ చదువు చెప్పలేదా?

సుద్దముక్క: ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెప్పాను. అది లెక్కలోకి వస్తుందనుకోలేదు.

ప్రయోగశాల: వస్తుంది. ఎందరు పిల్లలు, ఏ తరగతి, ఎన్నేళ్లు అన్నది రాసి, పిల్లవాడి కోసం విరామం తీసుకున్నానని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోండి. సంజాయిషీ అక్కరలేదు.

అక్షరశాల: విరామం సంగతి రెజ్యూమేలో కాదు, జతచేసే లేఖలో రాయాలి.

పాత పంతులు: ఆ లేఖకూ తెలుగులో మంచి మాట ఉంది.

సుద్దముక్క: సరేనండి, సంవత్సరాలు మళ్లీ పెట్టాను. బాబు లేచాడు, మిగతాది రాత్రికి చూస్తాను. ధన్యవాదాలు.

అక్షరశాల: ఏమిటా మాట, చెప్పండి చూద్దాం.