"పైన పటారం లోన లొటారం": ఈ సామెత స్పీకర్లకు పొసగుతుందా?

ప్రశ్న:
ఇంట్లో పెట్టుకునే ఖరీదైన స్పీకర్ల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. సోకు మీద పెట్టిన శ్రద్ధ ధ్వని మీద పెట్టని వాటిని ఒక్క మాటలో తేల్చేద్దామని "పైన పటారం లోన లొటారం" అన్నాను. సరిగ్గా వాడినట్టేనా? "మేడిపండు" అంటే ఇంకా బాగుంటుందా?

జవాబు:
మేడిపండు వద్దండీ. దాంట్లో పురుగులున్నాయి, అంటే లోపల చెడు ఉందని. మీరంటున్నది చెడు గురించి కాదు, సరుకు లేకపోవడం గురించి. దానికి లొటారమే సరి. లొట్ట అన్నప్పుడు వినిపించే బోలుతనమే ఇందులోనూ వినిపిస్తుంది. పటారమంటే డాబు, ఆర్భాటం.

ఇంకొకరి జవాబు:
అర్థం వరకు ఒప్పుకుంటాను. కానీ స్పీకరు దగ్గరికొచ్చేసరికి సామెతలో రెండు సగాలూ తిరగబడతాయి.

ముందు లొటారం సంగతి. స్పీకరు పెట్టెలో బోలు ఉండాల్సిందే. 1954లో ఎడ్గార్ విల్చర్ తెచ్చిన ఏఆర్-1 అనే స్పీకరులో ఆ బోలుకే పని అప్పజెప్పారు. మూసేసిన పెట్టెలోని గాలే స్ప్రింగులా ఊఫర్ (బాస్, అంటే మంద్ర ధ్వనులు, పలికించే భాగం) కోన్‌ను వెనక్కి తెస్తుంది. అంత లోతైన బాస్ కోసం అంతకుముందు చాలా పెద్ద పెట్టెలు వాడేవారు. చిన్న పెట్టెలో ఆ బాస్ ఊరికే రాలేదు లెండి, దాన్ని నడపడానికి గట్టి యాంప్లిఫయర్ కావాలి. పెట్టె చిన్నగా ఉండాలి, బాస్ లోతుగా రావాలి, కొద్ది పవర్‌తోనే గట్టిగా మోగాలి అంటే కుదరదు. మూడింటిలో రెండే దక్కుతాయి. ఆడియోవాళ్లు దీన్ని హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. అందుకే గదిలో నాజూగ్గా కనబడాలని సన్నగా, నిలువుగా చేసిన టవర్ స్పీకరుకు లోపం ఎక్కడుందంటే, లోపల చాలినంత లొటారం లేకపోవడంలో!

ఇక పటారం. పెట్టె పదునైన అంచులను తాకిన ధ్వని అక్కడినుంచి మళ్లీ చెదిరి, అసలు ధ్వనితో కలిసి ఎగుడుదిగుడులు తెస్తుంది. అమెరికా కంపెనీ ఆర్‌సీఏలో ఇంజనీరు హ్యారీ ఓల్సన్ 1950ల్లోనే గోళం, ఘనం, స్తూపం లాంటి రకరకాల ఆకారాల పెట్టెలను కొలిచి చూస్తే, గోళానికే అన్నిటికన్నా నున్నటి గ్రాఫ్ వచ్చింది. అంటే గుండ్రటి అంచు కంటికే కాదు, చెవికీ మంచిదే. 1993లో వచ్చిన బీ అండ్ డబ్ల్యూ కంపెనీ నాటిలస్ స్పీకరును చూడండి. ఆ నత్తగుల్ల ఆకారం చూసి షోకేసు బొమ్మ అనుకునేవాళ్లున్నారు. డ్రైవర్ (ధ్వని పుట్టించే భాగం) వెనక నుంచి వచ్చే ధ్వని సన్నబడుతూ పోయే గొట్టంలో అణగారిపోవాలి. బాస్‌కు ఆ గొట్టం బాగా పొడుగు కావాలి కాబట్టి చుట్ట చుట్టారు. అక్కడ పటారమే పనిముట్టు.

మరో జవాబు:
కానీ అన్నీ నాటిలస్‌లు కావు కదా. "మా పెట్టె చెక్క వాద్యంలా పాడుతుంది" అని ప్రకటనల్లో రాస్తారే, నా లెక్కన అసలు పటారం అదీ. ఫిడేలు చెక్క కంపించాలి, దాని పని అదే. స్పీకరు గోడ కంపిస్తే మాత్రం రికార్డింగులో లేని రంగు పాటకు అంటుతుంది. కుండను తట్టి చూసినట్టు పెట్టె పక్కన వేలితో కొట్టి చూడండి. డొల్లగా చాలాసేపు మోగిందా, అనుమానించాల్సిందే. అదొక్కటే పరీక్ష కాదనుకోండి.

కన్ను చెవిని లోబరుచుకుంటుంది కూడా. 1994లో ఆడియో పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ కలిసి కొన్ని స్పీకర్లను తెర చాటునుంచి వినిపించారు, కనబడేలా పెట్టి కూడా వినిపించారు. స్పీకర్లు అవే, విన్నవాళ్లు వేసిన మార్కులు మారాయి.

అడిగినవారు:
అయితే బాగా కుదిరినవాటిని "రూపానికి రూపం, నాదానికి నాదం" అనొచ్చా?

జవాబు:
వినడానికి బాగానే ఉంది గానీ నాదం వద్దు. నాదమన్నది వీణది, గొంతుది. స్పీకరుకు సొంత నాదమంటూ ఉంటే అది తప్పు కిందే లెక్క. "ధ్వని" అనండి చాలు. సామెతను మాత్రం పైన పాలిష్ ఉండి, బాస్ వస్తే పెట్టెంతా దడదడలాడే రకాలకు ఉంచుకోండి. సన్నటి టవర్లను దాంట్లో కలపొద్దు. "సొగసు కోసం బాస్ కొంత వదులుకున్నవి" అని నేరుగా రాస్తే, కొనేవాళ్లకు కూడా అదే పనికొస్తుంది.