హామ్ రేడియో క్యూఎస్‌ఎల్ కార్డులు పంపినా జవాబు లేదు, తప్పెక్కడ?

ప్రశ్న: వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియో స్టేషన్ గుర్తింపు పేరు) కొత్తగా వచ్చింది. 40 మీటర్ల బ్యాండులో ఎస్‌ఎస్‌బీ (గొంతుతో మాట్లాడే పద్ధతి) మీద దొరికిన విదేశీ స్టేషన్లకు, మాట్లాడుకున్నట్టు ధ్రువీకరించే క్యూఎస్‌ఎల్ కార్డులు డైరెక్టుగా, అంటే నేరుగా తపాలాలో పంపాను. రెండింటికి ‘లాగ్‌లో (మాట్లాడిన స్టేషన్ల చిట్టాలో) లేదు’ అని వచ్చింది. మిగతావాళ్ల దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

జవాబు 1: కార్డు మీద ఐఎస్‌టీ వేశారేమో చూడండి. యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే టైము) వెయ్యాలి, అంటే మన టైములోంచి 5:30 గంటలు తీసెయ్యాలి. తెల్లవారుజామున 5:30 లోపు మాట్లాడితే దాంతోపాటు తేదీ కూడా వెనక్కి జరుగుతుంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు. మార్చి 5 తెల్లవారుజామున 2:40కి మాట్లాడితే కార్డు మీద మార్చి 4, 21:10. నెల అక్షరాల్లో రాయండి. 05/03 అంటే అమెరికావాళ్లకు మే 3.

జవాబు 2: కార్డు మీద ‘పీఎస్‌ఈ క్యూఎస్‌ఎల్’ (దయచేసి కార్డు పంపండి) గడిలో టిక్కు పెట్టారా? ‘టీఎన్‌ఎక్స్’ (థ్యాంక్స్) దగ్గర పెడితే వాళ్ల కార్డు మీకు ముందే అందిందని అర్థం. ఇక వాళ్లెందుకు పంపుతారు!

డైరెక్టుగా అడిగేది మనం కాబట్టి తిరుగు ఖర్చూ మనదే. మీ చిరునామా రాసిన కవరు లోపల పెట్టాలి. అది పై కవరు కన్నా కాస్త చిన్నదైతే మడత పడదు. మన తపాలా బిళ్లలు వాళ్ల దేశంలో చెల్లవు. అందుకే తిరుగు ఖర్చుకు వాళ్లు ఏం తీసుకుంటారో క్యూఆర్‌జెడ్ (కాల్‌సైన్ల వివరాలుండే వెబ్‌సైట్) పేజీలో ముందే చూసుకోండి. అక్కడ మేనేజరు (స్టేషన్ తరఫున కార్డులు చూసే మనిషి) పేరుంటే కార్డు ఆయనకే పంపాలి, స్టేషన్‌కి కాదు. కొందరు క్లబ్‌లాగ్ వెబ్‌సైట్‌లో ఓక్యూఆర్‌ఎస్ (ఆన్‌లైన్లో కార్డు అడిగే ఏర్పాటు) పెడతారు, అదుంటే మీ కార్డు పంపకుండానే వాళ్లది అడగొచ్చు. కవరు మీద కాల్‌సైన్ మాత్రం రాయొద్దు. లోపల డబ్బుంటుందని తెలిసినవాళ్లు దారిలోనే విప్పుతారు.

ప్రశ్న: అయ్యో, టిక్కు టీఎన్‌ఎక్స్ దగ్గరే పెట్టానండీ! టైము కూడా ఐఎస్‌టీనే. మిగిలిన కార్డుల మీద వైట్‌నర్ పూసి దిద్దొచ్చా?

జవాబు 1: వద్దు. దిద్దిన కార్డును డీఎక్స్‌సీసీకి (ఎన్నో దేశాలతో మాట్లాడినందుకు ఇచ్చే అవార్డుకు) ఒప్పుకోరు. చెడింది పక్కన పడేసి కొత్తది రాయండి. కొత్తవి అచ్చు వేయించేటప్పుడు సైజు 9×14 సెం.మీ. దాటనివ్వకండి, పెద్దవి బ్యూరో (కార్డులను కట్టలుగా దేశాలకు పంపే కేంద్రం) కట్టల్లో నలిగిపోతాయి.

జవాబు 3: తొందర లేకపోతే ఏఆర్‌ఎస్‌ఐ (మన దేశపు హామ్‌ల సంఘం) బ్యూరో చవక, కానీ ఏళ్లు పట్టొచ్చు. అవార్డు లెక్క కోసమే అయితే ఎల్‌ఓటీడబ్ల్యూలో (ఆన్‌లైన్ ధ్రువీకరణ వ్యవస్థలో) లాగ్ ఎక్కించండి, డీఎక్స్‌సీసీకి అది చెల్లుతుంది. ఈక్యూఎస్‌ఎల్ (ఆన్‌లైన్ కార్డుల సైటు) చెల్లదు.