అరకేరియా కింది కొమ్మలు ఎండిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. మూడేళ్ల కిందట కుండీలోంచి తీసి పెరట్లో నాటిన అరకేరియా, అదే మనం క్రిస్మస్ చెట్టు అంటామే, ఇప్పుడు నా తల దాటింది. నెల రోజులుగా అడుగు కొమ్మలు రెండు వరసలు గోధుమరంగుకు తిరిగాయి. పట్టుకుంటే ఆకులు గలగలా రాలుతున్నాయి. రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. పైకొస కత్తిరిస్తే కింద చిగురిస్తుందని ఒకరన్నారు, నాకేమో చెయ్యి రావడం లేదు.

జవాబు 1:
కత్తెర పక్కన పెట్టేయండి, దయచేసి! ఆ నడినెత్తి కొసే చెట్టును నిటారుగా తీసుకెళ్తుంది. అది పోతే ఆ అంతస్తుల అందం మళ్లీ రాదు. ఎండిన కింది కొమ్మలూ తిరిగి మొలవవు, ఉన్నవి కాపాడుకోవడమే. నా అనుమానం నీళ్ల మీద. చెట్టు మొదట్లో మట్టిలోకి వేలు రెండంగుళాలు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు పోయకండి.

అడిగినవారు:
చూశానండీ. పైన పొడి, లోపల బురద. కుళ్లు వాసన కూడా.

జవాబు 2:
అయితే వేళ్లకు ఊపిరాడటం లేదు. నీళ్లు ఆపి, నిలిచినది బయటికి పోయేలా చిన్న కాలువ తీయండి, వేళ్లు తెగకుండా. పసిఫిక్‌లోని నార్ఫోక్ దీవి చెట్టు ఇది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది కానీ నిలవనీటికి తట్టుకోదు. ఇంకో మాట, పక్కన నీడ ఉందా? నా చెట్టుకు మందార కమ్మేసి ఆ వైపంతా బోసిపోయింది. మందారను మార్చాక మిగతాది నిలబడింది.